హై పెర్ఫార్మెన్స్ లగ్జరీ ఎస్‌యూవీ ట్యూనింగ్: ముందు కొలవండి, తర్వాత మార్చండి

లంబోర్గినీ ఉరుస్ 2017 చివర్లో వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన లెక్క 650 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), 850 న్యూటన్ మీటర్ల టార్క్. బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం కాంపిటీషన్‌ది 625, 750. ఆడి ఆర్‌ఎస్ క్యూ8ది 600, 800. పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: నాలుగు లీటర్లకు అటూఇటూగా ఉండే వీ8, దానికి రెండు టర్బోలు, జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ పవర్, రెండు టన్నులు దాటిన బరువు. ఇలాంటి ఇంజిన్‌కి సాఫ్ట్‌వేర్‌తో మరో ఎనభై పీఎస్ ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు. ఆ పవర్ వరసగా మూడోసారి తొక్కినప్పుడూ ఉందా, గేర్‌బాక్స్ దాన్ని మోస్తోందా, అసలు పెరిగిందని ఏ ఆధారంతో అంటున్నాం? కష్టమంతా ఇక్కడుంది. అందుకే ఈ గైడ్‌లో మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో రాసే కొత్త సెట్టింగులు) కంటే ముందు కొలత వస్తుంది, కొలత కంటే ముందు బండి ఆరోగ్యం వస్తుంది.

ఒక మాట ముందే. కింద చెప్పిన వేగాల్లో ఏదీ మామూలు రోడ్డు మీద ప్రయత్నించేది కాదు. మూసిన ట్రాక్, రన్‌వే లేదా డైనో (బండిని కట్టి పవర్ కొలిచే యంత్రం), ఈ మూడే.

మొదటి అడుగు: బండి సరిగ్గా ఉందో లేదో తేల్చుకోండి

సగం ట్యూనింగ్ సమస్యలు ట్యూనింగ్ వల్ల వచ్చినవి కావు. అంతకుముందే ఉన్న చిన్న జబ్బు, పవర్ పెరగగానే బయటపడుతుంది. కాబట్టి ముందుగా అన్ని కంట్రోల్ యూనిట్లలోని ఫాల్ట్ కోడ్లను చదివి దాచుకోండి. ఇంజిన్‌వి మాత్రమే చాలవు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకు పవర్ పంచేది), ఎయిర్ సస్పెన్షన్, బ్రేకులు, అన్నీ కావాలి. తర్వాత ఎవరైనా "ఇది మ్యాప్ వేశాక వచ్చిందా?" అని అడిగితే మీ దగ్గర జవాబుండాలి.

తర్వాత లీకులు. టర్బో గాలి తీసుకునే మూతి దగ్గర అడాప్టర్ బిగించి 0.7 నుంచి 1 బార్ వరకు గాలి ఎక్కించి, గొట్టాల జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లి చూడండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: క్రాంక్‌కేస్ వెంటిలేషన్ గొట్టాన్ని మూయకుండా గాలి ఎక్కిస్తారు. ఆ ఒత్తిడి క్రాంక్‌కేస్‌లోకి పోయి ఆయిల్ సీళ్లను బయటికి తోస్తుంది. లీకు వెతకబోయి లీకు తెచ్చుకున్నట్టే. ఆ గొట్టాన్ని విడిగా మూసి, ఆయిల్ ఫిల్లర్ మూత తీసి ఉంచండి. అక్కడి నుంచి గాలి జోరుగా వస్తుంటే వెంటనే ఆపండి.

స్పార్క్ ప్లగ్‌లు తీసి చూడటం ఈ వీ8లలో చిరాకు పనే, కానీ తప్పదు. బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) పెరిగేకొద్దీ సిలిండర్‌లో గాలి చిక్కబడుతుంది, నిప్పురవ్వ ఆ గ్యాప్‌ని దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అరిగిన ప్లగ్‌లో గ్యాప్ 0.9 మిల్లీమీటర్లకు చేరితే, స్టాక్‌లో (మార్పులేవీ చేయనప్పుడు) బాగానే నడిచిన బండి కొత్త మ్యాప్ మీద పైరెవ్‌లలో, అంటే ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు తడబడుతుంది. కొత్త ప్లగ్‌లు వేసి, మ్యాప్ రాసేవారు చెప్పిన గ్యాప్ పెట్టండి. మామూలుగా అది స్టాక్ కంటే 0.1 మిల్లీమీటర్ తక్కువ ఉంటుంది. హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందన్నది) ఒక మెట్టు చల్లనిది తీసుకుంటే చాలు. రెండు మెట్లు దిగితే నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్లగ్ మీద మసి పేరుకుంటుంది.

ఇంజిన్ ఆయిల్‌కి ఏపీఐ ఎస్‌పీ రేటింగ్ ఉండేలా చూడండి. 2020 మేలో వచ్చిన ఈ రేటింగ్‌లో తక్కువ రెవ్‌ల దగ్గర ముందుగానే మంట అంటుకునే జబ్బుకు ప్రత్యేక పరీక్ష ఉంది. దాని సంగతి మ్యాప్ దగ్గర చెప్పుకుందాం. దీంతోపాటు తయారీదారు సొంత ఆయిల్ ఆమోదం కూడా డబ్బా మీద కనిపించాలి.

గేర్‌బాక్స్ ఆయిల్‌ని "జీవితాంతం పనికొస్తుంది" అని కార్ల కంపెనీలు రాస్తాయి. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ట్యూన్ చేయబోయే బండికి ఇందులో ఎవరి మాట వినాలో వేరే చెప్పక్కర్లేదు. మార్చేటప్పుడు లెవెల్‌ని ఇంజిన్ నడుస్తుండగానే, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చూడాలి. వేడెక్కిన గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉబ్బుతుంది. అప్పుడు లెవెల్ సరిపోయిందని మూత బిగిస్తే చల్లారాక తక్కువ తేలుతుంది. తక్కువైతే పంపు గాలి పీల్చి, క్లచ్ ప్రెషర్ పడిపోతుంది.

టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, దగ్గరదగ్గర అరుగుదలతో ఉండాలి. ముందు వెనక చక్రాల చుట్టుకొలతలో తేడా ఉంటే, మధ్యలో పవర్ పంచే క్లచ్ ఉన్న బండ్లలో అది నిలకడగా జారుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. ఇంత బరువైన బండికి లోడ్ ఇండెక్స్ చూడకుండా టైరు కొనకండి. 107 అంటే టైరుకు 975 కిలోలు, 111 అంటే 1,090 కిలోలు. స్పీడ్ అక్షరం వై అంటే గంటకు 300 కిలోమీటర్ల వరకు.

రెండో అడుగు: స్టాక్ బండి ఎంత వేగంగా పోతుందో రాసిపెట్టుకోండి

మార్పుకు ముందు కొలవని బండికి, మార్పు తర్వాత కొలిచినా ప్రయోజనం లేదు. సెకనుకు కనీసం 10 సార్లు, వీలైతే 25 సార్లు స్థానం చదివే జీపీఎస్ మీటర్ తీసుకోండి. ఫోన్‌లో ఉండే జీపీఎస్ సెకనుకు ఒకసారే చదువుతుంది, దీనికి పనికిరాదు. మీటర్‌ని ఆకాశం బాగా కనిపించేచోట పెట్టండి. కొన్ని బండ్ల విండ్‌షీల్డ్‌లో వేడిని ఆపే లోహపు పొర ఉంటుంది, అది సిగ్నల్‌ని మింగేస్తుంది. అలాంటప్పుడు యాంటెనాని పైకప్పు మీద పెట్టాలి.

అందరూ 0 నుంచి 100 అడుగుతారు. ట్యూనింగ్‌ని అంచనా వేయడానికి మాత్రం అది నికరమైన అంకె కాదు. మొదటి రెండు సెకన్లను తేల్చేది ఇంజిన్ కాదు, టైరూ తారూ. పైగా "రోలౌట్" అనే గారడీ ఒకటుంది: డ్రాగ్ స్ట్రిప్ పద్ధతిలో మొదటి ఒక అడుగు, అంటే 30.5 సెంటీమీటర్లు దాటాకే గడియారం మొదలవుతుంది. ఆ అడుగు దాటడానికి ఇలాంటి బండికి పావు సెకను పైన పడుతుంది. ఒకరు రోలౌట్ తీసేసి 3.4 అన్నా, మరొకరు దాంతో కలిపి 3.7 అన్నా బండి ఒకటే. మీరు ఏదైనా వాడండి, ముందూ తర్వాతా అదే వాడండి.

ఇంజిన్ సంగతి తెలియాలంటే 100 నుంచి 200 కొలవండి. అక్కడ చక్రాలు జారవు, లాంచ్ నైపుణ్యం లెక్కలోకి రాదు. ఈ పరీక్షకు మూసిన తిన్నని దారి కనీసం కిలోమీటరున్నర ఉండాలి. వేగం అందుకోవడానికే అర కిలోమీటరు దాకా పోతుంది. 200 నుంచి పూర్తిగా ఆగడానికి గట్టి బ్రేకుతో 160 మీటర్ల దాకా పడుతుంది, మిగిలింది మీ తప్పులకు.

పద్ధతి ఇలా:

1. పెట్రోల్ ప్రతిసారీ ఒకే స్థాయిలో ఉంచండి, సగం ట్యాంకు మంచిది. 85 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 63 కిలోల దాకా బరువు.
2. ఒకే బంకులో, ఒకే ఆక్టేన్ పెట్రోల్. 98 ఆక్టేన్‌కి రాసిన మ్యాప్‌ని 95తో పరీక్షిస్తే స్పార్క్ టైమింగ్ వెనక్కి పోయిన బండిని పరీక్షించినట్టే.
3. టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు చూసి రాయండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్రెషర్ దాదాపు 0.1 బార్ పెరుగుతుంది.
4. ఇంజిన్ ఆయిల్ 90 డిగ్రీలు, గేర్‌బాక్స్ ఆయిల్ 70 డిగ్రీలు దాటాకే మొదటి పరుగు.
5. రెండు దిక్కులా పరుగెత్తించి సగటు తీయండి.
6. ఒక్కో దిక్కున మూడు పరుగులు. వాటిలో తేడా 2 శాతం దాటితే ఆ రోజు అంకెల్ని నమ్మకండి, కారణం వెతకండి.

రెండు దిక్కులు ఎందుకంటే: 1 శాతం వాలు కంటికి తెలియదు. కానీ 2,350 కిలోల బండికి 200 వేగంలో ఆ వాలు దాదాపు 13 కిలోవాట్లు, అంటే 17 పీఎస్ ఊరికే ఇస్తుంది. చాలామంది గొప్పగా చెప్పుకునే ఎగ్జాస్ట్ లాభం అంత కూడా ఉండదు. గాలి అంతకంటే మోసకారి. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లుంటే 200 వేగంలో గాలి నిరోధం 21 శాతం పెరుగుతుంది.

ఈ కొలత నుంచే చక్రాల దగ్గరి సగటు పవర్‌ని మీరే లెక్కగట్టవచ్చు. మనిషితో కలిపి 2,350 కిలోల బండి 100 నుంచి 200కి 9 సెకన్లలో వెళ్లిందనుకుందాం. పెరిగిన గతిశక్తి 2.72 మెగాజౌళ్లు. తొమ్మిదితో భాగిస్తే 302 కిలోవాట్లు. గాలి నిరోధానికి 45, టైర్ల నిరోధానికి 11 లేదా 12, తిరిగే చక్రాలు, షాఫ్టులను వేగం అందుకునేలా చేయడానికి మరో 12 కిలోవాట్లు కలిపితే 370 చుట్టూ వస్తుంది. గేర్లు మారే క్షణాలు, పీక్ పవర్‌కి ఇవతల గడిచే రెవ్‌లు అన్నీ ఈ సగటులో ఉన్నాయి కాబట్టి, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గర 600 పీఎస్ అంటే 441 కిలోవాట్లున్న బండికి ఇది నమ్మదగ్గ అంకె. రేపు ఎవరైనా డైనో కాగితం చూపించి 750 పీఎస్ అంటే, మీ తొమ్మిది సెకన్లు ఎనిమిది కిందికి దిగాయా అని చూస్తే చాలు.

మూడో అడుగు: డైనో

నాలుగు చక్రాల బండికి ముందు వెనక రోలర్లు ఒకే వేగంతో తిరిగేలా కలిపిన డైనో కావాలి. రోలర్ల వేగంలో తేడా వస్తే మధ్య క్లచ్ నిమిషాల్లో కాలవచ్చు, చక్రాలు జారకుండా చూసే ఈఎస్‌పీ బ్రేకులు వేస్తుంది. హబ్‌కే బిగించే రకమైతే ఇంకా మేలు. టైరు జారడం, పట్టీలు ఎంత బిగించారన్న గొడవ ఉండదు. రోలర్ మీదైతే పట్టీ బిగువు కూడా టైరును నొక్కి అంకె మారుస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ బండిని కట్టేముందు ఎత్తు సరిచేసే వ్యవస్థని ఆపండి. లేకపోతే పరుగు మధ్యలో బండి ఎత్తు మార్చుకుని పట్టీలు వదులవుతాయి. ముందున్న అడ్డంకి చూసి బ్రేకు వేసే వ్యవస్థని కూడా ఆపాలి. ఎదురుగా గోడ, ఫ్యాన్ కనిపిస్తే అది తన పని తాను చేస్తుంది. తయారీదారు డైనో మోడ్ ఇచ్చి ఉంటే అదే వాడండి.

గేరు ఎంపిక: పుస్తకాల్లో చెప్పేది 1:1 గేరు (గేర్‌బాక్స్‌లోకి వెళ్లే వేగం, బయటికొచ్చే వేగం ఒకటే). జెడ్‌ఎఫ్ 8ఎచ్‌పీలో అది ఆరోది. కానీ 3.15 ఫైనల్ డ్రైవ్, 295/35 ఆర్21 టైరుతో 6,500 ఆర్‌పీఎం దగ్గర ఆరో గేరులో వేగం 288 వస్తుంది. స్పీడ్ లిమిటర్ అడ్డొస్తుంది, టైర్లకు నరకం. అయిదో గేరులో 224, నాలుగో గేరులో 173. అయిదో గేరు సరైన మధ్యేమార్గం. టైర్లు అంత మంచివి కాకపోతే నాలుగు. ముందూ తర్వాతా గేరు మార్చవద్దు. కిక్‌డౌన్ (గేర్‌బాక్స్ తానే కింది గేరుకు దిగడం) జరగకుండా మాన్యువల్ మోడ్‌లో ఉంచి, పెడల్ చివర క్లిక్ దాకా నొక్కకుండా తొక్కండి.

వాతావరణాన్ని బట్టి డైనో అంకెని సరిచేసే కరెక్షన్ సంగతి అడిగి తెలుసుకోండి. ఎస్‌ఏఈ జె1349 పద్ధతి 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్‌ని ప్రమాణంగా తీసుకుంటుంది. పాత డిన్ 70020 పద్ధతికి 20 డిగ్రీలు, 101.3. అదే ఇంజిన్ డిన్‌లో 3 శాతం పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది, నయా పైసా ఖర్చు లేకుండా. టర్బో ఇంజిన్‌తో ఇంకో చిక్కుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) బూస్ట్‌ని తానే అదుపు చేసి, వేడి రోజున కూడా లోపలి ప్రెషర్‌ని నిలబెడుతుంది. దాని మీద మళ్లీ కరెక్షన్ వేస్తే లేని పవర్ కలుస్తుంది. కాబట్టి కరెక్షన్ లేని గీతని కూడా ప్రింట్ అడగండి. యూనిట్లు కూడా చూసుకోండి. 650 పీఎస్ అంటే 641 హార్స్‌పవర్.

చక్రాల పవర్‌కి 15 శాతమో 20 శాతమో కలిపి క్రాంక్ పవర్ అనే అలవాటు వదిలేయండి. నష్టం కొంత వేగంతో, కొంత వేడితో మారుతుంది, పవర్‌తో పాటు అదే శాతంలో పెరగదు. చక్రాల అంకెని చక్రాల అంకెతోనే పోల్చండి.

బండి ముందు పెట్టే ఫ్యాన్ చిన్నదైతే మూడో పరుగుకి పవర్ పడిపోతుంది. అది బండి తప్పు కాదు. మెర్సిడెస్ ఏఎంజీ ఎం177, బీఎండబ్ల్యూ ఎస్63 లాంటి ఇంజిన్లలో టర్బోలు వీ మధ్యలో కూర్చుంటాయి. గాలి తగలకపోతే ఆ వేడి పైకే పేరుకుంటుంది.

నాలుగో అడుగు: లాగ్ చదవడం

డైనో కాగితం ఫలితం చెబుతుంది, కారణం చెప్పదు. కారణం లాగ్‌లో, అంటే పరుగులో సెన్సర్లు చెప్పిన అంకెల రికార్డులో ఉంటుంది. ఒకేసారి నలభై చానెళ్లు పెట్టకండి, సెకనుకు రెండు మూడు రీడింగులే వస్తాయి. పది పన్నెండు చానెళ్లు చాలు: ఆర్‌పీఎం, పెడల్, థ్రాటిల్, కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, లామ్డా (గాలి, పెట్రోల్ నిష్పత్తి; 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువ), ఇన్‌టేక్ గాలి వేడి, ఫ్యూయల్ రైల్ ప్రెషర్, టైమింగ్, ఒక్కో సిలిండర్ నాక్ రిటార్డ్ (మిశ్రమం అదుపు తప్పి పేలితే ఈసీయూ స్పార్క్‌ని ఎంత వెనక్కి జరిపిందన్నది). గేర్‌బాక్స్‌ని విడిగా రెండో పరుగులో లాగ్ చేయండి.

నాక్ రిటార్డ్‌తో మొదలుపెట్టండి. ఒకసారి ఒక సిలిండర్‌లో, మరోసారి ఇంకో సిలిండర్‌లో ఒకటి రెండు డిగ్రీలు కనబడితే కంగారు వద్దు, ఈసీయూ అంచు తడిమి చూసుకుంటోంది. ఎప్పుడూ అదే సిలిండర్ నాలుగు డిగ్రీలు వెనక్కి పోతుంటే ఆ సిలిండర్‌లోనే రోగం: ప్లగ్, ఇంజెక్టర్, లేదా ఇన్‌టేక్ వాల్వు మీద కార్బన్. ఎనిమిదీ కలిసి వెనక్కి పోతున్నాయంటే పెట్రోలైనా బాగాలేదు, గాలైనా వేడెక్కింది.

బూస్ట్ అంకెల్లో పెద్ద గందరగోళం ఏమిటంటే ఈసీయూ చూపేది చాలాసార్లు అబ్సొల్యూట్ ప్రెషర్. 2.3 బార్ అంటే మామూలు గేజ్ లెక్కలో 1.3. కోరినదానికీ వచ్చినదానికీ తేడా 0.1 బార్ దాటి నిలబడితే కారణం వెతకాలి. వేస్ట్‌గేట్ (టర్బోని తప్పించి ఎగ్జాస్ట్‌ని పక్కకు వదిలే తలుపు) పూర్తిగా మూసుకున్నా బూస్ట్ జారిపోతుంటే లీకుందని అర్థం, లేదా టర్బో ఊపిరి అయిపోయింది. బూస్ట్ సరిగానే ఉండి థ్రాటిల్ మధ్యలో మూసుకుంటుంటే అది టార్క్ లిమిటర్ పని. అప్పుడు బూస్ట్ పెంచి లాభం లేదు, ఏ లిమిట్ తగిలిందో చూడాలి.

ఫ్యూయల్ రైల్ ప్రెషర్ ఈ ఇంజిన్లలో మోడల్‌ని బట్టి 200 నుంచి 350 బార్ దాకా ఉంటుంది. పైరెవ్‌లలో కోరినదానికంటే 10 శాతం పైగా పడిపోతే హైప్రెషర్ పంపు చేతులెత్తేసింది. ఎథనాల్ కలిపిన పెట్రోల్‌తో ఇది తొందరగా వస్తుంది. లీటరు ఎథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే, అంటే ఎక్కువ లీటర్లు తోడాలి. నాక్ తగ్గుతుందని ఎథనాల్ పోసి, పంపు చాలక మిశ్రమం పలచబడితే మొదటికే మోసం.

పూర్తి లోడ్ మీద లామ్డా మామూలుగా 0.82, 0.88 మధ్య కనిపిస్తుంది. 0.9 దాటి పైకి పాకుతోంటే కాలు తీసేయండి. ఎగ్జాస్ట్ వేడి 950 డిగ్రీలు దాటాక టర్బైన్ లోహం ఏ రకమో తెలియకుండా ముందుకు పోవద్దు. కొన్నిటికి 1,050 దాకా అనుమతి ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

ఇన్‌టేక్ గాలి వేడి పరుగు మొదట్లో ఎంత, చివర్లో ఎంత? పదిహేను డిగ్రీల పెరుగుదల సరే. ముప్పై అయితే మ్యాప్ ఆపి కూలింగ్ చూడండి. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 3 శాతం తగ్గుతుంది. దానికి టైమింగ్ నష్టం తోడైతే కొన్న పవర్‌లో సగం అక్కడే ఆవిరి.

అయిదో అడుగు: మ్యాప్ ఎక్కించడం

ఒరిజినల్ ఫైల్‌ని చదివి, ఈసీయూ హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లతో సహా రెండు చోట్ల దాచండి. ఫ్లాష్ చేసేటప్పుడు బ్యాటరీకి నిలకడగా 13.5 వోల్టులు ఇచ్చే, 50 ఆంపియర్లకు తక్కువ కాని పవర్ సప్లై తగిలించండి. మామూలు ట్రికిల్ చార్జర్ చాలదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్న లగ్జరీ బండి ఫ్యాన్లు, స్క్రీన్లు, పంపులతో అంతకంటే ఎక్కువ తాగుతుంది. రాసే మధ్యలో వోల్టేజీ పడితే ఈసీయూ మూగబోతుంది. కంపెనీ వర్క్‌షాపులో ఈ మార్పు దొరికిపోతుందన్నది కూడా ముందే ఒప్పుకోవాల్సిన నిజం. ఒరిజినల్ ఫైల్ తిరిగి రాసినా జాడ మిగలవచ్చు. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి అంతకుముందే తేల్చుకోండి.

మ్యాప్ రాసేవారిని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న "ఎన్ని పీఎస్?" కాదు. "టార్క్ మోడల్‌ని సరిచేశారా, లేక అబద్ధం చెప్పించారా?" అన్నది. ఇంజిన్ ఈసీయూ తాను ఎంత టార్క్ ఇస్తోందో గేర్‌బాక్స్‌కి నిరంతరం చెబుతుంది. గేర్‌బాక్స్ ఆ అంకెని బట్టి క్లచ్‌లను ఎంత ప్రెషర్‌తో పట్టుకోవాలో నిర్ణయిస్తుంది. లిమిటర్ తగలకుండా ఉండటానికి కొందరు అసలు 950 ఇస్తూ 800 అని చెప్పిస్తారు. గేర్‌బాక్స్ 800కి సరిపడా మాత్రమే పట్టుకుంటుంది, క్లచ్ జారుతుంది, కాలుతుంది. బండి మొదట్లో భలేగా పోతుంది. బిల్లు తర్వాత వస్తుంది. సరైన పద్ధతి: నిజమైన టార్క్‌ని చెప్పి, గేర్‌బాక్స్ మ్యాప్‌లో ప్రెషర్, లిమిట్లు కూడా పెంచడం. లాగ్‌లో చూసుకోవడం తేలికే. గేరు మారడం పూర్తయ్యి, ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ అయ్యాక, ఇంజిన్ ఆర్‌పీఎంకీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ ఆర్‌పీఎంకీ తేడా 50 దాటి నిలబడితే జారుడు ఉన్నట్టే. గేర్‌బాక్స్ ఆయిల్ 120 డిగ్రీలు దాటితే పరీక్ష ఆపండి.

రెండో ప్రశ్న, టార్క్ ఎక్కడ మొదలవుతోంది? 1,800 ఆర్‌పీఎం దగ్గరే 900 న్యూటన్ మీటర్లు ఎగదన్నే మ్యాప్ నడపడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ తక్కువ రెవ్‌లలో ఎక్కువ లోడ్ పడితే, సిలిండర్ గోడ మీది ఆయిల్ చుక్కో, ఊడిన కార్బన్ రేణువో స్పార్క్ రాకముందే మంట అంటిస్తుంది. అది మామూలు నాక్ కాదు. ఒక్క దెబ్బకే పిస్టన్ రింగుల గట్టు విరగవచ్చు, ఈసీయూకి స్పందించే వ్యవధి ఉండదు. టార్క్‌ని 2,500 దాకా నెమ్మదిగా పెంచుతూ వెళ్లే మ్యాప్ కాగితం మీద అంత గొప్పగా కనబడదు, అదే తీసుకోండి.

పెంచే మొత్తాన్ని ఒకేసారి ఎక్కించకండి. సగం ఎక్కించి, లాగ్ తీసి, శుభ్రంగా ఉంటేనే మిగతా సగం.

ఆరో అడుగు: విడిభాగాలు

వరస చెబుతాను, కారణంతో. మొదట కూలింగ్. నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉన్న బండికి ముందున్న లో టెంపరేచర్ రేడియేటర్‌ని పెద్దది చేయడం, పంపు పనిచేస్తోందో చూడటం మంచి పెట్టుబడి. తిరిగి నీళ్లు నింపేటప్పుడు వ్యాక్యూమ్ పెట్టి నింపండి. గాలిబుడగ మిగిలితే స్టాక్ కంటే అధ్వాన్నంగా వేడెక్కుతుంది, అప్పుడు కొత్త రేడియేటర్‌ని తిట్టుకుంటారు.

టర్బో నుంచి ఎగ్జాస్ట్‌ని తీసుకెళ్లే డౌన్‌పైప్‌ని వెడల్పుది వేస్తే టర్బో మీద వెనక ఒత్తిడి తగ్గుతుంది, లాభం నిజమే. పొగను శుభ్రం చేసే కెటలిస్ట్‌ని పూర్తిగా తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. 200 సెల్స్ స్పోర్ట్స్ కెటలిస్ట్‌తో లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది. ఇంతకూ మీ దగ్గర రోడ్డుకు ఏది ఆమోదమో ముందు చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ మీద డబ్బు చివరన పెట్టండి. ఫిల్టర్ తర్వాత ప్రెషర్ ఎంత పడుతోందో కొలిచి, పడకపోతే మార్చవద్దు.

ఏడో అడుగు: బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్

2,300 కిలోల బండి 200 వేగంలో మోసే శక్తి 3.55 మెగాజౌళ్లు. 100 వేగంలో ఇందులో నాలుగో వంతే. ఉరుస్‌కి ముందు 440 మిల్లీమీటర్ల కార్బన్ సెరామిక్ డిస్కులు, పది పిస్టన్ల కాలిపర్లు పెట్టింది అందం కోసం కాదు. మీరు పవర్ పెంచితే ప్రతి మలుపు ముందూ ఈ వేడి కూడా పెరుగుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్‌తో మొదలుపెట్టండి. డాట్ 4 కొత్తదానికి మరుగు ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. డాట్ 5.1కి 260, 180. ట్రాక్‌కి వెళ్లే ముందు సీసా కొత్తగా తెరిచి మార్చండి.

కొత్త ప్యాడ్లు, ఇనుప డిస్కులైతే 100 నుంచి 20 వరకు ఎనిమిది పదిసార్లు బలం పెంచుతూ తగ్గించి, పూర్తిగా ఆగకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఆపితే ఆ చోట ప్యాడ్ పదార్థం అతుక్కుని తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. సెరామిక్‌కి తయారీదారు పద్ధతే పాటించాలి.

పరీక్ష: 100 నుంచి సున్నాకి వరసగా పది. 1.1 జీ బ్రేకింగ్‌తో 36 మీటర్లలో ఆగాలి. పదోసారి దూరం 10 శాతం పెరిగితే ఫేడ్ (వేడికి బ్రేకు పట్టు తగ్గడం) ఉంది. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఫ్లూయిడ్ మరిగింది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ కాలింది. ఈ రెండింటికీ మందు వేరు.

పవర్ ఒక్కటే కాదన్నదానికి న్యూర్‌బుర్గ్‌రింగ్‌లోని 20.832 కిలోమీటర్ల రౌండే రుజువు. 600 పీఎస్ ఆర్‌ఎస్ క్యూ8 2019లో 7 నిమిషాల 42.25 సెకన్లలో తిరిగింది. 2021లో 640 పీఎస్ పోర్షే కయెన్ టర్బో జీటీ దాన్ని 7:38.9కి తెచ్చింది. ఆ బండి మామూలు టర్బో కూపే కంటే 17 మిల్లీమీటర్లు కిందికి కూర్చుంటుంది, దానికి పిరెల్లీ పీ జీరో కోర్సా టైర్లు.

ఎయిర్ సస్పెన్షన్‌ని కిందికి దించడానికి చాలామంది సెన్సర్ లింకులు మారుస్తారు. అది ఎత్తు గురించి కంప్యూటర్‌కి అబద్ధం చెప్పి బండిని దించుతుంది. హెడ్‌లైట్ల లెవెల్ తప్పుతుంది, ప్రయాణం తగ్గి బంప్ స్టాపుల మీద కొడుతుంది. చేసినా 15, 20 మిల్లీమీటర్లతో ఆగి, ఆ ఎత్తులోనే అలైన్‌మెంట్ చేయించండి. వెనక చక్రాల దిశ మారితే ముందున్న రాడార్, కెమెరాలను కూడా తిరిగి కాలిబ్రేట్ చేయాలి. జాకీ పెట్టేముందు జాక్ మోడ్ ఆన్ చేయడం మరవద్దు. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే 48 వోల్టుల యాంటీరోల్ బార్ ఉంటే, విప్పేముందు పవర్ తీసేయండి.

ఎనిమిదో అడుగు: మళ్లీ కొలవండి, ఈసారి వేడిలో

అదే ట్రాక్, అదే పెట్రోల్, అదే టైరు గాలి, వాతావరణం వీలైనంత దగ్గరగా. 100 నుంచి 200 మూడు చల్లని పరుగులతో ఆపకండి. ఆగకుండా అయిదు తీయండి, మధ్యలో తిరిగి రావడానికి పట్టే సమయమే విరామం. మొదటి పరుగుకీ అయిదో పరుగుకీ తేడా స్టాక్‌లో ఎంతుంది, ఇప్పుడెంతుంది? స్టాక్ బండి 9.0 నుంచి 9.2కి జారి, ట్యూన్ చేసింది 8.0 నుంచి 8.9కి జారితే, మీరు ఒక్క పరుగు కొన్నారు. మ్యాప్ తగ్గించండి, లేదా కూలింగ్ పెంచండి.

అంకె రాకపోతే వెతికే వరస ఇది. చల్లగా ఉన్నప్పుడూ రాకపోతే లాగ్‌లో థ్రాటిల్ చూడండి, మూసుకుంటుంటే టార్క్ లిమిట్. థ్రాటిల్ తెరిచే ఉండి బూస్ట్ తక్కువైతే లీకు. రెండూ బాగుండి టైమింగ్ తక్కువైతే పెట్రోల్, ప్లగ్‌లు. ఇంజిన్ అంకెలన్నీ బాగుండి బండి మాత్రం కదలకపోతే గేర్‌బాక్స్ జారుడు, లేదా బ్రేకు పట్టేసింది. ఆఖరిదాన్ని తెలుసుకోవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. బ్రేకు వాడకుండా పది నిమిషాలు నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కుల వేడి చూస్తే చాలు. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే కాలిపర్ పిస్టన్ తిరిగి రావడం లేదు.

చక్రాలు విప్పి బిగించి ఉంటే 50 నుంచి 100 కిలోమీటర్లయ్యాక బోల్టులకు టార్క్ రెంచ్ మళ్లీ పెట్టండి. కొత్త మ్యాప్ మీద మొదటి ఇంజిన్ ఆయిల్‌ని సగం గడువుకే మార్చి, తీసిన ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటని మెరుపులు కనిపిస్తే బేరింగ్ నుంచి వచ్చినవి కావచ్చు. అప్పుడు ఒరిజినల్ ఫైల్ తిరిగి ఎక్కించి, కారణం తేలేదాకా బండిని గట్టిగా తొక్కకండి.